యంత్రానికి మాటలు నేర్పిన గ్రేస్ హాపర్

కెల్లీవిల్ (సిడ్నీ): మా కెల్లీవిల్‌లో పాత ఇల్లు కూల్చి కొత్తది కట్టే పని ఏడాది పొడవునా నడుస్తూనే ఉంటుంది. ఒకప్పుడు ఈ చుట్టుపక్కలంతా పొలాలూ, పండ్ల తోటలూ. 2019 మేలో మెట్రో రైలు వచ్చాక ఊరి ముఖమే మారిపోయింది. గుంటూరులో సివిల్ డిప్లొమా చేసి, గల్ఫ్‌లో కొన్నాళ్లు ఎండలో కాగి, చివరికి ఇక్కడ సైట్ సూపర్‌వైజర్‌గా కుదురుకున్నవాణ్ని నేను. కాంక్రీటు గురించి అడిగితే చెప్తాను గానీ కంప్యూటర్ల గురించి రాస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఒక పాత ఇంటి గ్యారేజ్ ఖాళీ చేయిస్తుంటే చెత్త డబ్బాలో పడబోతున్న ఒక కీబోర్డు పెట్టె నా కంట పడింది. మీద మైక్రోబీ అని పేరు. పక్కనే ఒక ఫ్లాపీ డ్రైవు, పచ్చ అక్షరాల చిన్న స్క్రీను. ఇంటి ఓనర్‌ని అడిగితే కావాలంటే తీసుకుపొమ్మన్నాడు. మైక్రోబీ అంటే ఈ దేశపు సొంత హోమ్ కంప్యూటర్. సిడ్నీకి ఉత్తరాన ఉన్న గోస్‌ఫర్డ్‌లో తయారయ్యేది. 1982లో విడిభాగాల కిట్‌గా వచ్చింది, కొన్నవాళ్లే సోల్డరింగ్ చేసుకుని బిగించుకునేవాళ్లు. న్యూ సౌత్ వేల్స్ స్కూళ్లలో ఒక తరం పిల్లలు కంప్యూటర్ అంటే దీన్నే చూశారు.

ఆ ఫోటో తీసి ఊళ్లో ఉన్న మా పెద్దన్నకు పంపాను. గంట తర్వాత ఒకటే ప్రశ్న వచ్చింది. దాని మీద కోబాల్ నడుస్తుందా అని.

నాకు గొంతు పట్టేసినట్టయింది. ఎందుకో చెప్పాలంటే ముందు మా అన్న సంగతి చెప్పాలి, ఆ తర్వాత ఒక అమెరికా మామ్మ సంగతి చెప్పాలి.

అమీర్‌పేట రోజులు

1998లో నాకు పదేళ్లు. మన ఊళ్లల్లో ఎవరి నోట విన్నా వై2కే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరాన్ని రెండంకెల్లోనే రాసుకున్నారట, 2000 వస్తే మిషన్ దాన్ని 1900 అనుకుంటుందట, వాటిని సరిచేయడానికి కోబాల్ తెలిసినవాళ్లు వేలమంది కావాలట. మా నాన్న ఎకరం తాకట్టు పెట్టి అన్నను హైదరాబాద్ పంపాడు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ ఉన్న ఇన్‌స్టిట్యూట్లలో ఒకదాంట్లో అన్న మెయిన్‌ఫ్రేమ్ కోర్సు చేశాడు. రూములో ఆరుగురు, కంప్యూటర్ ముందు కూర్చునేది రోజుకి గంట. మిగతా టైమంతా ప్రోగ్రామ్‌లు నోట్‌బుక్‌లో పెన్నుతో రాసుకోవడమే.

వీసా పనులు సాగీ సాగీ 2001 వచ్చింది. అప్పటికి అమెరికాలో సాఫ్ట్‌వేర్ మార్కెట్ పడిపోయింది. కన్సల్టెన్సీ వాళ్లు కట్టిన డబ్బు తిరిగివ్వలేదు. అన్న ఊరికొచ్చి ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు. నోట్‌బుక్ ట్రంకు పెట్టెలోకి పోయింది. ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా మా ఇంట్లో కోబాల్ అన్న మాట ఎవరూ ఎత్తలేదు. అలాంటిది ఇప్పుడు ఆయనే అడిగాడు.

సరే చూద్దాం అన్నాను. వెతకడం మొదలుపెట్టాక ప్రతి దారీ ఒకే పేరు దగ్గరకు తీసుకెళ్లింది. అదే గ్రేస్ హాపర్. మన తెలుగు కుర్రాళ్లు వేలమంది విమానం ఎక్కడానికి కారణమైన భాషకు పునాది వేసింది ఆవిడ. ఆవిడ పేరు మాత్రం మనలో చాలామందికి తెలియదు.

గడియారాలు విప్పిన పిల్ల

గ్రేస్ బ్రూస్టర్ మర్రే 1906 డిసెంబర్ 9న న్యూయార్క్‌లో పుట్టింది. ఏడేళ్లప్పుడు అలారం గడియారం లోపల ఏముందో చూద్దామని విప్పేసింది. తిరిగి బిగించడం రాలేదు. ఎలా బిగించి ఉందో చూద్దామని ఇంకొకటి విప్పింది. అలా ఇంట్లో ఉన్న ఏడు గడియారాలూ విప్పేశాక గానీ వాళ్లమ్మకు తెలియలేదు. ఆవిడ తిట్టి ఊరుకోకుండా, ఇకమీదట ఒక్క గడియారం మాత్రమే విప్పుకోమని చెప్పిందట. మన ఇళ్లల్లో అయితే వీపు విమానం మోత మోగేది.

వాసర్ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చదివి 1928లో డిగ్రీ తీసుకుంది. 1930లో యేల్‌లో ఎంఏ పూర్తిచేసింది. అదే ఏడు విన్సెంట్ ఫోస్టర్ హాపర్‌ను పెళ్లి చేసుకుంది. 1934లో యేల్‌లోనే గణితంలో పీహెచ్‌డీ తెచ్చుకుంది. ఆ రోజుల్లో ఒక ఆడపిల్లకు అది ఎంత అరుదో చెప్పక్కర్లేదు. వాసర్‌లోనే పాఠాలు చెప్తూ స్థిరపడింది. 1941 డిసెంబర్‌లో పెర్ల్ హార్బర్ మీద దాడి జరగకపోయి ఉంటే అక్కడే రిటైర్ అయ్యేదేమో.

నేవీలో చేరాలనుకుంది. వయసు ఎక్కువన్నారు. బరువు ఉండాల్సినదానికంటే 15 పౌండ్లు, అంటే దాదాపు 7 కిలోలు తక్కువన్నారు. లెక్కల ప్రొఫెసర్ కాబట్టి అక్కడే ఉంటే దేశానికి ఉపయోగం అన్నారు. ఆవిడ వదల్లేదు. ప్రత్యేక అనుమతి తెచ్చుకుని 1943 డిసెంబర్‌లో నేవీ రిజర్వులో చేరింది. ఆఫీసర్ల శిక్షణలో క్లాసుకే ఫస్టు వచ్చింది. 1944లో హార్వర్డ్‌కు పోస్టింగ్ ఇచ్చారు.

51 అడుగుల మిషన్

హార్వర్డ్‌లో హోవర్డ్ ఐకెన్ అనే ఆఫీసర్ ఆధ్వర్యంలో మార్క్ వన్ అనే యంత్రం ఉంది. పొడవు 51 అడుగులు, ఎత్తు 8 అడుగులు. నాలాంటివాడికి అది కంప్యూటర్ కాదు, ఒక గోడ. కూడికలు సెకనుకు మూడు చేసేది. ఒక గుణకారానికి ఆరు సెకన్లు పట్టేది. మన చేతిలో ఫోన్‌తో పోలిస్తే నత్త, కానీ అప్పటికి అదే అద్భుతం. దానికి ఏం చేయాలో చెప్పాలంటే కాగితపు టేపు మీద రంధ్రాలు పొడవాలి. ఒక్క రంధ్రం తప్పు పడితే లెక్కంతా తప్పు. హాపర్ దాని తొలి ప్రోగ్రామర్లలో ఒకరు. 500 పేజీలు దాటిన దాని మాన్యువల్ రాసే పని కూడా ఐకెన్ ఆవిడకే అప్పజెప్పాడు.

ఇక్కడ అందరికీ తెలిసిన పురుగు కథ ఒకటుంది. 1947 సెప్టెంబర్ 9న తర్వాతి యంత్రం మార్క్ టూ ఆగిపోతే, విప్పి చూసినవాళ్లకు రిలేలో ఇరుక్కుని చచ్చిన పురుగు దొరికింది. దాన్ని లాగ్ పుస్తకంలో టేపుతో అంటించి పెట్టారు. ప్రోగ్రామ్‌లో తప్పును బగ్ అనడం అక్కడే మొదలైందని చాలామంది అంటారు. నిజానికి ఆ మాట ఇంజినీర్లలో ఎడిసన్ కాలం నుంచే ఉంది. పురుగును పట్టింది కూడా హాపర్ కాదు, ఆ కథను ఊరూరా చెప్పింది మాత్రం ఆవిడే.

యుద్ధం అయిపోయాక కష్టకాలం వచ్చింది. 1945లో విడాకులు అయ్యాయి. నేవీలో రెగ్యులర్ ఉద్యోగం అడిగితే వయసు రెండేళ్లు దాటిందన్నారు. వాసర్ నుంచి పూర్తి ప్రొఫెసర్ పదవి వచ్చినా వద్దనుకుని యంత్రం దగ్గరే ఉండిపోయింది. 1949లో హార్వర్డ్ కాంట్రాక్టూ అయిపోయింది. ఆ రోజుల్లో మద్యం అలవాటు ఆవిడను బాగా దెబ్బతీసింది. స్నేహితులు పట్టుకుని నిలబెట్టారు. గొప్పవాళ్ల జీవితాల్లో ఈ పేజీలు దాచేస్తుంటారు గానీ, పడి లేచారన్నదే మనబోటివాళ్లకు కావలసిన విషయం.

తర్జుమా చేసే ప్రోగ్రామ్

అదే 1949లో ఫిలడెల్ఫియాలోని ఎకర్ట్-మాక్లీ కంపెనీలో చేరింది. వాళ్లు కడుతున్నది యూనివాక్. తర్వాతి ఏడాదే ఆ కంపెనీని రెమింగ్టన్ ర్యాండ్ కొనేసింది.

అక్కడ హాపర్ గమనించింది ఒక చిన్న విషయం. ప్రోగ్రామర్లు మళ్లీ మళ్లీ వచ్చే లెక్కల ముక్కల్ని ఒకరి నోట్‌బుక్‌లోంచి ఒకరు చేత్తో ఎక్కించుకునేవాళ్లు. ఎక్కించేటప్పుడు తప్పులు రాసేవాళ్లు. విసుగూ అలుపూ లేకుండా ఎక్కించే పని యంత్రానిదే కదా, అది మనుషులు చేయడం ఏంటి అనుకుంది. ఆ ముక్కలన్నీ టేపు మీద పెట్టి ఒక్కోదానికి ఒక నంబర్ ఇచ్చింది. నంబర్ చెప్తే చాలు, యంత్రమే ఆ ముక్కను తెచ్చుకుని సరైన చోట అతికించుకుని మొత్తం ప్రోగ్రామ్ తయారుచేసుకుంటుంది. మా సైట్ భాషలో చెప్పాలంటే, ప్రతి డ్రాయింగ్‌లో ఫుటింగ్ వివరం మళ్లీ గీయకుండా, స్టాండర్డ్ డీటెయిల్ నంబర్ ఇంత అని రాసేస్తాం చూడండి, అలాంటిదే. దాని పేరు ఏ-జీరో. దానికి ఆవిడ పెట్టిన పేరే కంపైలర్. 1952లో ఆ సంగతి నలుగురి ముందు పెడితే చాలామంది నమ్మలేదు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంది గానీ ప్రోగ్రామ్‌లు రాస్తుందా అన్నారు.

తర్వాతి అడుగు ఇంకా పెద్దది. వ్యాపారం చేసేవాళ్లకు గణిత గుర్తులు రావు, వాళ్లకు మాటలే వచ్చు. కాబట్టి ప్రోగ్రామ్‌ను మామూలు ఇంగ్లిష్ మాటల్లో రాయాలి అంది. కంప్యూటర్‌కు ఇంగ్లిష్ రాదు, కుదరదు అన్నారు పైవాళ్లు. యంత్రానికి ఇంగ్లిష్ మాటైనా అంకెల వరసే, ఏ మాటైనా అంతే అని చూపించడానికి ఆవిడ అదే ప్రోగ్రామ్‌ను ఫ్రెంచ్ మాటల్లోనూ, జర్మన్ మాటల్లోనూ రాసి నడిపి చూపించింది. పైవాళ్లు మెచ్చుకోకపోగా హడలిపోయారు. ఫిలడెల్ఫియాలో కట్టిన అమెరికా కంప్యూటర్ విదేశీ భాష ఎలా మాట్లాడుతుందని వాళ్ల బాధ. ఇంగ్లిష్ తప్ప ఇంకేదీ పెట్టమని ఒప్పుకుని బయటపడింది.

ఇది చదివినప్పుడు నేను నవ్వుకున్నాను. మా సైట్‌లో అరబిక్, పంజాబీ, మాండరిన్, కొరియన్, ఇంగ్లిష్ అన్నీ వినిపిస్తాయి. ఏ భాషలో చెప్పినా స్లాబ్ మందం మారదు. ఈ ముక్క ఆఫీసు గదుల్లో కూర్చునేవాళ్లకు అర్థం కావడానికి టైం పడుతుంది.

అలా వచ్చింది ఫ్లో-మాటిక్. 1959లో అమెరికా రక్షణ శాఖ పిలుపుతో కంపెనీలన్నీ కలిసి, ఏ కంప్యూటర్ మీదైనా నడిచే ఒకే వ్యాపార భాష కోసం కమిటీలు వేసుకున్నాయి. కోబాల్ అలా పుట్టింది. దాన్ని హాపర్ ఒక్కతే రాసిందనడం తప్పు. జీన్ సామెట్ లాంటి వాళ్లు కమిటీలో కూర్చుని రాశారు. హాపర్ సలహాదారు. కానీ దాని వెన్నెముక ఆవిడ ఫ్లో-మాటిక్. 1960 డిసెంబర్‌లో ఒకే కోబాల్ ప్రోగ్రామ్‌ను రెండు వేర్వేరు కంపెనీల కంప్యూటర్ల మీద నడిపి చూపించారు. అప్పటిదాకా అది ఎవరూ ఊహించని సంగతి.

రిటైర్ కానివ్వని నేవీ

1966 చివర్లో, అరవై ఏళ్లు నిండాయని నేవీ రిజర్వు నుంచి ఆవిడను రిటైర్ చేశారు. ఆవిడ చాలా బాధపడింది. ఏడెనిమిది నెలలు తిరక్కుండానే, 1967 ఆగస్టులో, వాళ్లే మళ్లీ పిలిచారు. నేవీలో ఒక్కోచోట ఒక్కో రకం కోబాల్ తయారై కూర్చుంది, దాన్ని ఒక దారికి తేవాలి. ఆరు నెలల పని అన్నారు. అది దాదాపు ఇరవై ఏళ్లు సాగింది. కంపైలర్ నిజంగా ప్రమాణం ప్రకారం ఉందో లేదో పరీక్షించే ప్రోగ్రామ్‌లు ఆవిడ బృందం తయారుచేసింది. మా దగ్గర కాంక్రీటు టెస్ట్ ఎలాంటిదో అదీ అలాంటిదే.

ఆ ఏళ్లలో దేశమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చింది. అడుగుకు కొంచెం తక్కువ పొడవున్న తీగ ముక్కలు కట్టగా తెచ్చి పంచేది. సెకనులో వందకోట్లవ వంతు కాలంలో వెలుతురు వెళ్లగలిగే దూరం అంతే, దాదాపు 30 సెంటీమీటర్లు. కంప్యూటర్ వేగంగా ఉండాలంటే ఎందుకు చిన్నదిగా ఉండాలో ఆ తీగ చూస్తే పిల్లలకైనా అర్థమవుతుంది. ఆఫీసులో వెనక్కి తిరిగే గడియారం పెట్టుకుంది. ఎప్పుడూ ఇలాగే చేశాం కదా అనేవాళ్లకు అదే జవాబు. రెండు రోజులు చూస్తే ఆ గడియారంలోనూ టైము తెలుసుకోవచ్చు.

1983లో కమొడోర్ అయింది, 1985లో ఆ హోదా పేరు రియర్ అడ్మిరల్‌గా మారింది. 1986 ఆగస్టు 14న బోస్టన్‌లో యూఎస్ఎస్ కాన్‌స్టిట్యూషన్ ఓడ మీద ఆవిడకు వీడ్కోలు చెప్పారు. అప్పటికి వయసు 79. సర్వీసులో ఉన్న ఆఫీసర్లలో అందరికంటే పెద్ద. ఆ వెంటనే డిజిటల్ ఎక్విప్‌మెంట్ కంపెనీలో సలహాదారుగా చేరింది. 1992 జనవరి 1న కన్నుమూసింది. ఆర్లింగ్టన్ సైనిక శ్మశానంలో సమాధి ఉంది. ఆవిడ పేరుతో యుద్ధనౌక ఉంది, యేల్‌లో కాలేజీ ఉంది. 2016లో అమెరికా అత్యున్నత పౌర పురస్కారం ప్రకటించారు. వై2కే హడావుడి చూడటానికి మాత్రం ఆవిడ లేదు.

మళ్లీ మైక్రోబీ దగ్గరకు

మరి ఆ చిన్న పెట్టె మీద కోబాల్ నడుస్తుందా? మైక్రోబీలో ఉన్నది జెడ్-80 చిప్. ఫ్లాపీ ఉన్న మోడళ్లు గ్యారీ కిల్డాల్ రాసిన సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడుస్తాయి. ఆ సిస్టమ్ కోసం మైక్రోసాఫ్ట్ 1978లోనే కోబాల్-80 అనే కంపైలర్ తెచ్చింది. హోమ్ కంప్యూటర్ కొన్నవాళ్లు ఎక్కువమంది బేసిక్‌తోనే ఆడుకున్నారు. కోబాల్ జోలికి వెళ్లినవాళ్లు చాలా తక్కువ. అందుకే అది దొరకడం కష్టం. దొరికినా ఇంకో చిక్కుంది. సీపీ/ఎం ఒకటే అయినా, ఒక్కో కంపెనీ ఫ్లాపీ మీద ఒక్కో రకంగా రాసేది. వేరే కంప్యూటర్ ఫ్లాపీని మైక్రోబీ చదవదు. ఏ యంత్రం మీదైనా ఒకే భాష అని హాపర్ ఎందుకంత పట్టుబట్టిందో అక్కడ తెలిసొచ్చింది.

చివరికి మా వీధి చివరుండే ఒక రిటైర్డ్ టీచర్ దారి చూపాడు. ఆ పెద్దాయన స్కూల్లో మైక్రోబీల మీదే పిల్లలకు నేర్పాడట. వేరే కంప్యూటర్ కోసం రాసిన కంపైలర్‌ను రెండు వారాలు కుస్తీపట్టి మైక్రోబీ ఫ్లాపీలోకి ఎక్కించి ఇచ్చాడు. డబ్బులు తీసుకోలేదు. మా ఆవిడ చేసిన పులిహోర మాత్రం రెండుసార్లు వడ్డించుకున్నాడు.

అన్న నోట్‌బుక్ పేజీ ఫోటో పంపాడు. మిరపకోత కూలీల లెక్క అది. ఆరు రోజులు దాటి వచ్చినవాళ్లకు 20 రూపాయలు అదనం. కోబాల్‌లో అంకెలకు మనకిష్టమైన పేర్లు పెట్టుకోవచ్చు. అన్న ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు పేర్లే పెట్టాడు. మల్టిప్లై రోజులు బై కూలి గివింగ్ మొత్తం. హాపర్ పైవాళ్లు చూసి ఉంటే ఇంకోసారి హడలేవాళ్లు.

ఒక్కో లైను టైప్ చేసి కంపైల్ చేశాను. తప్పు అంది. ఎండ్-ఇఫ్ అన్న మాట దానికి తెలియదు. తెలుసుకుంటే, ఆ మాట కోబాల్‌లోకి వచ్చింది 1985 ప్రమాణంతో. ఈ కంపైలర్ అంతకు ముందుది. ఆ మాట తీసేశాను. ఈసారి ఒప్పుకుంది. 7 రోజులు, 40 రూపాయలు ఇస్తే 300 వచ్చింది. సంతోషం! 5 రోజులు ఇచ్చాను. ఏమీ రాలేదు. స్క్రీను ఖాళీ.

రాత్రి తొమ్మిదయింది, మన దగ్గర సాయంత్రం నాలుగున్నర. వీడియో కాల్ చేశాను. అన్న కొట్లోంచే, కళ్లజోడు పైకి జరిపి చూశాడు. అర నిమిషం. ఆ అదనం కలిపే లైను చివర ఫుల్‌స్టాప్ పెట్టరా అన్నాడు. పాత కోబాల్‌లో ఇఫ్ అనేది ఫుల్‌స్టాప్‌తోనే ముగుస్తుందట. అది లేకపోతే కింద ఉన్న డిస్‌ప్లే లైను కూడా ఇఫ్‌లోకే పోతుందట. అంటే ఆరు దాటినవాళ్లకే జవాబు చూపిస్తుందన్నమాట. చుక్క పెట్టాను. 5 రోజులు, 200 రూపాయలు. పచ్చ అక్షరాల్లో వచ్చింది.

అన్న చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎరువు బస్తా కోసం ఎవరో వస్తే కూర్చోమన్నాడు గానీ లేవలేదు. మా నాన్న ఎకరం తాకట్టు పెట్టి కొన్న చదువు వృథా అయిందని మా ఇంట్లో అందరం లోపల అనుకున్నవాళ్లమే. అర నిమిషంలో తప్పు పట్టిన మనిషిని చూశాక ఆ మాట ఇక అనలేను.

ఇప్పటికీ చాలా బ్యాంకుల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో కోబాల్ నడుస్తూనే ఉంది. 2020 ఏప్రిల్‌లో కరోనా వేళ న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు వచ్చి సాయం చేయమని బహిరంగంగా అడిగాడు. మా అన్నకు ఇప్పుడు ఉద్యోగం వస్తుందని నేను చెప్పడం లేదు. కానీ ఆదివారాలు ఆయన నోట్‌బుక్‌లో తర్వాతి పేజీ ఫోటో పంపుతున్నాడు, నేను టైప్ చేస్తున్నాను. మీ ఇళ్లల్లోనూ అన్నలవో బాబాయిలవో అలాంటి అమీర్‌పేట నోట్‌బుక్కులు ఉండే ఉంటాయి. ఉంటే పాత పేపర్లవాడికి వేయకండి. ఒకసారి తెరిచి, అది రాసినవాళ్లనే చదివి చెప్పమనండి.